పెట్టె నలభై ఒకటి

రేకుల మీద వాన.
న్యూ ప్లిమత్ పొలిమేరలో ఈ షెడ్డుకి
ఇరవై రెండేళ్ళుగా కాపలాదారుని.
నేను కాసేది రాళ్ళని.
సముద్రం అడుగు నుంచి, ఆ అడుగుకీ అడుగు నుంచి
చెరుకు గడల్లా నరికి తెచ్చిన రాళ్ళు
అట్టపెట్టెల్లో వరసగా పడుకుని ఉంటాయి.
ఒక్కోదాని నెత్తిన లోతు, తేదీ,
ఎవరిదో తొందర చేతిరాత.

ఇవాళ మెరెహిరా వచ్చింది.
తమ్ముడి ఆవుల్ని పితికి అట్నుంచి అటే వచ్చినట్టుంది,
బూట్లకి పేడ ఇంకా పచ్చిగానే ఉంది.
"పెట్టె నలభై ఒకటి" అంది.
నా హయాంలో ఎవరూ అడగని పెట్టె.

ఎనభై ఆరులో తవ్విన బావి అది.
చమురు గోరంత.
నీళ్ళు మాత్రం కొండంత, అదీ సలసల కాగుతూ.
రిగ్గు పుస్తకంలో చివరి పేజీ:
"వేడి నీళ్ళు. పనికిరాదు. సిమెంటు పోసి మూసేశాం."
కింద సంతకం, ఎల్విన్ ట్రెలోర్.

ఆయన్నీ వెంటబెట్టుకొచ్చింది.
మూడు వీధుల అవతలే ఇల్లు. ఎనభై దాటాయి.
ఎడమ చెవి రిగ్గుకే ఇచ్చేశాడు,
కుడి చెవి మనవైపు తిప్పి కూర్చుంటాడు.

ఆమె బల్ల మీద కాగితం పరిచింది.
పడవ మీంచి నీళ్ళలోకి చప్పుడు పంపి
తిరిగొచ్చిన ప్రతిధ్వనుల్ని గీతలుగా గీసిన కాగితం.
గీతల మధ్య బోర్లించిన గిన్నె.
"ఇదీ కొండ" అంది.
దాని పక్కన ఇంకో గిన్నె. ఇంకోటి. పిల్ల గిన్నెలు.
పేరు పెట్టే నోరు పుట్టకముందే
పుట్టి, పేలి, చచ్చి, బురదలో మునిగినవి.

కిటికీలో, వాన సందున, మంచు టోపీతో తరనాకి.
ఆమెకి అది తాత.
పొద్దున్నే పలకరించకుండా పనిలోకి దిగదు.
కాగితం మీది కొండల్ని వేలితో తడిమి
"వీటికి మనవలు లేరు" అంది.

కొండ మీద బురద పొరలు పొరలుగా పరుచుకుంది,
నిద్రపోయే మనిషి మీద దుప్పటిలా.
ఎప్పటివో ఆకులూ అలములూ లోతున ఉడికి
చమురై పైకి పాకి
ఆ దుప్పటి మడతలో దాక్కుంటాయి.
ట్రెలోర్ బతుకంతా ఆ మడతల కోసమే వెతికాడు.
కొన్ని దొరికాయి. ఊరు వాటితోనే పెరిగింది,
ఇప్పుడు వాటితోనే తగ్గుతోంది.

పెట్టె మూత తీశాను.
బూడిదరంగు రాయి. ఒళ్ళంతా సూది బెజ్జాలు,
అడ్డంగా ఒక పగులు.
మెరెహిరా నాలుకతో తాకి చూసింది,
రాళ్ళ చదువు చదివినవాళ్ళందరికీ ఉన్న అలవాటే.
తర్వాత సీసాలోంచి ఒక చుక్క నీళ్ళు వేసింది.
చుక్క నిలబడలేదు.
రాయి తాగేసింది.

"లోపల నిప్పు ఇంకా ఉందా?" ట్రెలోర్ అడిగాడు.

లేదట.
ఆరిపోయి కోటిన్నర ఏళ్ళు.
నివురుగప్పిన నిప్పు అనుకున్నాను నేనూ;
నిప్పు పోయింది, నివురే రాయి అయింది.
ఆ వేడి కొండది కాదు, లోతుది.
లోతు ఎక్కడైనా వేడే, కానీ నీళ్ళకి దారివ్వదు.
దారి ఇచ్చేది ఈ చచ్చిన కొండే,
పేలినప్పుడు పగిలింది కదా.
ఆ పగుళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, కాగుతాయి.
పైకి తెస్తే దీపాలు వెలగొచ్చు.
"వెలగకపోవచ్చు కూడా," ఆమే అంది,
"ఖర్చు చూస్తే గుండె గుభేల్‌మంటుంది."

ట్రెలోర్ రాతి మీద బొటనవేలు ఉంచాడు,
చుక్క మాయమైన చోట.
చాలాసేపు.
తర్వాత నన్ను పెన్సిలు అడిగాడు.
ఎందుకో తెలిసి ఇవ్వలేదు.
ఈ షెడ్డులో పాతరాత కొట్టేయడానికి లేదు,
ఎవరి చేతిరాతైనా సరే.

ఆయనకి కోపం రాలేదు.
వానలోకి చూస్తూ,
చెవిటివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగా:

"ఆ రాత్రి దక్షిణపు గాలి. చేతులు కొయ్యబారాయి.
నీళ్ళు ఎక్కొచ్చిన గొట్టానికి
ఆరుగురం వీపులు ఆనించి నిలబడ్డాం.
తెల్లారేదాకా ఎవడూ కదల్లేదు.

అది రాయలేదు నేను, పుస్తకంలో."